బాప్తిస్మానికి ముందు మూడు నెలలు, తర్వాత ఒక ఏడాది: ఉత్తర తెలంగాణ సంఘ కాపరులకు, పెద్దలకు బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండ, మహబూబాబాద్, భూపాలపల్లి, కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల, మంచిర్యాల జిల్లాల్లోని సంఘ కాపరులకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం నడిపే తల్లులకు ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

అయ్యగార్లకు, అమ్మగార్లకు మేము కొత్తవాళ్లం కాము. మీ సంఘాల్లోనే బాప్తిస్మ తరగతులు చెప్పేవాళ్లం. మాలో కొందరు ముంచి బాప్తిస్మమిచ్చే సంఘాలవాళ్లు, కొందరు పసిపిల్లలకే ఇచ్చే సంఘాలవాళ్లు. ఆ తేడా అలాగే ఉంచి, ఒక్క మనవి మీద అందరం కలిశాం. కూటంలో చెయ్యెత్తిన మనిషిని వచ్చే ఆదివారమే నీళ్లలోకి దింపకండి. మూడు నెలలు కూర్చోబెట్టి నేర్పండి. బాప్తిస్మమయ్యాక ఏడాది పాటు వెంట ఉండండి. ఎందుకు, ఎలా, ఎక్కడ చెడుతోంది అన్నది వివరంగా రాస్తున్నాం. ఓపికగా చదవండి.

ఇప్పుడు జరుగుతున్నది మీకు తెలియనిది కాదు. మూడు రాత్రుల స్వస్థత కూటం పెడతాం. చివరి రాత్రి, ప్రభువును అంగీకరించేవాళ్లు చేతులెత్తండి అంటాం. జ్వరం తగ్గిందని ఒకరు, కొడుక్కి నౌకరీ రావాలని ఒకరు, పక్కింటామె ఎత్తిందని ఇంకొకరు ఎత్తుతారు. వారం తిరక్కముందే బాప్తిస్మం, కొత్త పేరు, ఫోటో, నివేదికలో ఒక అంకె. ఆరు నెలలకు ఆ మనిషి మళ్లీ కల్లు దుకాణం దగ్గర కనబడితే ఊరంతా అతన్ని గాక క్రీస్తును వేలెత్తి చూపుతుంది. అతనేమో, "నేను చేయాల్సిందంతా చేశాను, దేవుడే నాకేం చేయలేదు" అనుకుంటాడు. అతనికి ఎవరూ సువార్త పూర్తిగా చెప్పలేదు. మొక్కు తీర్చుకున్నట్టుగా బాప్తిస్మం తీసుకున్నాడు. తప్పు అతనిది కొంతే.

కొత్త పుట్టుక గురించి ప్రభువు మాట్లాడింది తాగుబోతుతోనో దొంగతోనో కాదని మొదట మనం జ్ఞాపకం చేసుకోవాలి. నీకొదేము పరిసయ్యుడు, యూదుల అధికారి, ధర్మశాస్త్రం నేర్పేవాడు. అతనితోనే ప్రభువు, క్రొత్తగా జన్మించితేనే గాని దేవుని రాజ్యాన్ని చూడలేవన్నాడు. "నీవు ఇశ్రాయేలుకు బోధకుడవై యుండి వీటిని ఎరుగవా?" అని అడిగాడు కూడా. అంత గట్టిగా ఎందుకు అడిగాడంటే, ఆ సంగతి అతను చదివే లేఖనాల్లోనే ఉంది. మీమీద శుద్ధజలం చల్లుతాను, రాతిగుండె తీసేసి మాంసపు గుండె ఇస్తాను, నా ఆత్మను మీయందుంచి నా కట్టడల ప్రకారం నడిచేలా చేస్తాను అని యెహెజ్కేలు 36వ అధ్యాయం చెబుతోంది. నీళ్లు, ఆత్మ, ఆ తర్వాత నడక. ఈ మూడూ ఒకే వాగ్దానంలో ఉన్నాయి. మనం నీళ్ల దగ్గరే ఆగిపోతున్నాం.

నీకొదేమును మళ్లీ రెండుసార్లు చూస్తాం. యోహాను సువార్త 7వ అధ్యాయంలో, మనిషి మాట వినకుండా తీర్పు తీర్చవచ్చునా అని సాటి అధికారుల మధ్య ఒక్క మాట అడిగి మాట పడ్డాడు. 19వ అధ్యాయంలో, శిష్యులు చెదిరిపోయిన వేళ, ముప్పై కిలోలకు పైగా సుగంధద్రవ్యం తెచ్చి ప్రభువు దేహాన్ని సమాధి చేయడానికి నిలబడ్డాడు. ప్రభువు దగ్గరికి మొదట రాత్రి చాటున వచ్చినవాడు అక్కడిదాకా రావడానికి కాలం పట్టింది. మీ సంఘంలోకి వచ్చే మనిషికీ ఆ కాలం ఇవ్వండి.

ఇక్కడ రెండు గోతులున్నాయి. మొదటిది, పుట్టుక సంగతి చెప్పకుండా నియమాలు మోపడం. బొట్టు తీయి, గాజులు తీయి, పూలు పెట్టకు, బతుకమ్మకు పోకు అని మొదటి వారమే చెప్పేస్తాం. అవి చేయగానే ఆమె నీతిమంతురాలైందని మనమూ అనుకుంటాం, ఆమే అనుకుంటుంది. అత్తకూ ఆమెకూ మాటలు లేవన్న సంగతి ఎవరం అడగం. ఆ ఇంటాయన నూటికి ఐదు రూపాయల మిత్తికి తిప్పుతున్నాడన్నది అసలే అడగం. రెండో గొయ్యి, రక్షణ దొరికింది కాబట్టి ఎట్లా బతికినా ఫరవాలేదనడం. యోహాను మొదటి పత్రిక రెండింటినీ పూడుస్తుంది. దేవుని మూలముగా పుట్టినవాడు పాపము చేయడని 3వ అధ్యాయంలో ఉంది. అదే పత్రిక మొదటి అధ్యాయంలో, మనలో పాపం లేదని చెప్పుకుంటే మనల్ని మనమే మోసపుచ్చుకుంటామని ఉంది. 2వ అధ్యాయంలో, ఎవడైనా పాపము చేసినయెడల తండ్రి దగ్గర ఉత్తరవాది, అంటే మన పక్షాన మాట్లాడేవాడు, ఉన్నాడని ఉంది. మూడూ కలిపి నేర్పితే విశ్వాసికి అర్థమవుతుంది: దేవుని బిడ్డ తప్పటడుగు వేస్తాడు, పడతాడు, ఒప్పుకుని లేస్తాడు. పాపంలో కాపురం మాత్రం పెట్టడు, అందులో అతనికి నెమ్మది ఉండదు.

అదే పత్రికలో కొత్త పుట్టుకకు గుర్తులు మూడు దొరుకుతాయి. నీతిని జరిగించడం, సహోదరుణ్ణి ప్రేమించడం, యేసే క్రీస్తని నమ్మడం. మూడింటికీ "దేవుని మూలముగా పుట్టియున్నాడు" అన్న ముద్రే ఉంది. భాషలు మాట్లాడాడా, దర్శనం చూశాడా, కూటంలో కిందపడ్డాడా అన్నవి ఆ పత్రిక చెప్పిన గుర్తుల్లో లేవు. మన దగ్గర వాటికే ఎక్కువ విలువ కడుతున్నారు. ఇది మాకు బాధ.

ఇక మూడు నెలల తరగతి ఎలా నడపాలో చెబుతాం. యోహాను సువార్తలో 21 అధ్యాయాలు, యోహాను మొదటి పత్రికలో 5, మొత్తం 26. వారానికి రెండు చొప్పున చదివితే 13 వారాలు. గుంపులో ఎనిమిది మంది మించకూడదు. మించితే మాట్లాడేవాళ్లు మాట్లాడుతుంటారు, మిగతావాళ్లు తలలూపుతుంటారు. గంటన్నర చాలు. అరగంట చదవడం, అరగంట ప్రశ్నలు, పోయిన వారం విన్నది చేశారా లేదా అని అడగడం పావుగంట, ప్రార్థన పావుగంట. చదువు రానివాళ్లకు ఫోన్‌లో బైబిలు ఆడియో వేసివ్వండి. వాళ్లు కథ మళ్లీ తమ మాటల్లో చెప్పగలిగితే అర్థమైనట్టు. మీ మాటే మీకు తిప్పి చెబితే ఇంకా అర్థం కాలేదు.

కాలమూ చూసుకోవాలి. దసరా నుంచి సంక్రాంతి దాకా పత్తి ఏరే పని, ఆ తర్వాత మిర్చి. ఆ రోజుల్లో సాయంత్రం ఆరింటికి తరగతి పెడితే కూలికి పోయే తల్లులు రాలేరు, రానందుకు శ్రద్ధ లేదంటాం. గోదావరిఖని, భూపాలపల్లిలో బొగ్గు బావుల షిఫ్టులు మారుతుంటాయి కాబట్టి అదే పాఠం వారంలో రెండు పూటలు చెప్పాలి. జగిత్యాల వైపు బీడీలు చేసే తల్లులకు ఆకు కత్తిరించుకుంటూ వినే వీలున్న చోటే కూర్చోండి.

మొదటి ఐదు వారాలు నియమాల జోలికి పోవద్దు. దేవుడెవరు, పాపమేమిటి, సిలువ మీద ఏం జరిగింది, పునరుత్థానం ఎందుకు ముఖ్యం, కొత్త పుట్టుక ఎవరి పని. చివరిది బాగా నాటాలి. దేవుని పిల్లలు రక్తమువలననైనను శరీరేచ్ఛవలననైనను మానుషేచ్ఛవలననైనను పుట్టినవారు కారని యోహాను 1:13 చెబుతోంది. తాత మిషన్ కాంపౌండులో బోధకుడు, నాన్న సంఘ పెద్ద, కాబట్టి నేను క్రైస్తవుణ్ణి అనుకునే మూడో తరం, నాలుగో తరం పిల్లలకు ఈ వాక్యం మరీ అవసరం. పసితనంలో బాప్తిస్మమిచ్చే సంఘాలవాళ్లు పిల్లలు పెద్దయ్యాక తమ నోటితో విశ్వాసం ఒప్పుకునే కన్ఫర్మేషన్ తరగతిని ఇదే క్రమంలో నడపండి. వేసవి సెలవుల్లో వారం రోజుల్లో ముగించి బిషప్‌గారి ముందు నిలబెట్టకండి.

ఆరో వారం నుంచి మారుమనస్సు పని. ఇక్కడే ఎక్కువ సమయం పెట్టాలి. బాప్తిస్మమిచ్చు యోహానును జనం "మేమేమి చేయవలెను" అని అడిగినప్పుడు అతను ఉపవాసం చేయమనలేదు. రెండు అంగీలుంటే ఒకటి లేనివానికివ్వమన్నాడు. పన్ను వసూలు చేసే సుంకరులకు నిర్ణయించిన దానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సైనికులకు ఎవరినీ బాధపెట్టి డబ్బు గుంజవద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. ఎవరి పనిలో పాపం ఎక్కడ దాక్కుంటుందో అక్కడే వేలు పెట్టాడు. మనమూ అట్లాగే అడగాలి.

పత్తి రైతు అయితే, కాంటాకు ముందు రాత్రి బోరంపై నీళ్లు చల్లుతున్నావా అని అడగండి. భారత పత్తి సంస్థ మద్దతు ధర తేమ 8 శాతం ఉన్న పత్తికి. 12 శాతం దాటితే తీసుకోదు. తేమ ఎక్కువైతే పత్తి రంగు మారుతుంది, నష్టం కొన్నవాడిది. వ్యాపారి అయితే, నలభై కిలోల ధాన్యం బస్తాకు తరుగు పేరుతో కిలో, రెండు కిలోలు ఎక్కువ జోకుతున్నావా అని అడగండి. ఎనుమాముల మార్కెట్లో తూకం వేసే దడవాయి పని చేసేవాడికి దొంగత్రాసు యెహోవాకు హేయమన్న సామెతలు 11:1 చెప్పడానికి పెద్ద వ్యాఖ్యానం అక్కర్లేదు. మేస్త్రీ అయితే, కూలీల పైసలు ఏ రోజువి ఆ రోజు ఇస్తున్నావా అని అడగండి. బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు 5:4లో ఉంది.

మిత్తి సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే విశ్వాసుల ఇళ్లలోనే ఇది బాగా అల్లుకుంది. గిరిగిరి ఫైనాన్స్ లెక్క చూడండి. పదివేలు అని రాసి చేతికి 8,500 ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. అసలు రోజురోజుకూ తగ్గుతూనే ఉంటుంది, పట్టుకున్న పదిహేను వందలు మాత్రం తగ్గవు. ఏడాదికి లెక్కగడితే నూటికి నూరు దాటిపోతుంది. నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. నెహెమ్యా 5వ అధ్యాయంలో అతను, తమ జనానికే మిత్తికిచ్చిన పెద్దలను గద్దించి, మీరు తీసుకున్న నూరవ వంతు తిరిగి ఇచ్చేయండన్నాడు. పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కూడా అదే దినం తిరిగి ఇప్పించాడు. మిత్తికి తిప్పే మనిషి బాప్తిస్మానికి వస్తే, ఈ అధ్యాయం అతనితో కూర్చుని చదవండి. తర్వాత నోటు పుస్తకం తెరవమనండి. పేదవాళ్ల దగ్గర అసలు ముట్టిన తర్వాత కూడా గుంజుతున్న బాకీలు ముందు కొట్టేయాలి. అతను కష్టంగా ఉందంటే మంచిదే, ఆ మాట వెనుక ఆలోచన ఉంది. నవ్వి ఊరుకుంటేనే భయపడాలి.

తిరిగి చెల్లించడం ఎలా? లేవీయకాండం 6వ అధ్యాయం కొలత ఇస్తుంది: మోసంతో తీసుకున్న మూలధనం, దానిపై అయిదో వంతు. పదివేలు తీసుకుంటే పన్నెండు వేలు. సుంకరి జక్కయ్య నాలుగంతలన్నాడు, పైగా ఆస్తిలో సగం బీదలకు. ప్రభువు అతని దగ్గర రసీదు అడిగి ఇంట్లోకి పోలేదు, ముందు ఇంట్లోకి పోయాడు. ఆ తర్వాత జక్కయ్య లేచి నిలబడి మాట ఇచ్చాడు. ఆ వరుస తిప్పకండి. బాకీలు తీర్చుకుంటే రక్షణ వస్తుందని చెబితే సువార్త పోతుంది. రక్షణ వచ్చిన ఇంట్లో బాకీ పుస్తకం ఎందుకు మూసే ఉందని మాత్రం అడగాలి.

ఒక కాగితం తీసుకుని మూడు గడులు గీయమనండి. ఎవరికి, ఎంత లేదా ఏ నష్టం, ఎప్పటికి. గెట్టు జరిపిన పొలం ఉంటే అదీ రాయాలి. పాలోళ్ల భాగం రాసివ్వకుండా పట్టా తనపేర చేయించుకుని ఉంటే అదీ. ఒక్కసారే తీర్చలేనివాళ్లు నెలకు ఇంత అని రాసి, నష్టపోయినవాళ్లకు చూపించి ఒప్పించుకోవాలి. నష్టపోయినవాడు చనిపోతే సంఖ్యాకాండం 5:8 ప్రకారం అతని దగ్గరి బంధువుకు ఇవ్వాలి. ఆ కాగితం కాపరి దగ్గర ఉండకూడదు. అది విశ్వాసి దగ్గరే ఉండాలి, మీరు అడిగి చూడాలి. అట్లాంటి కాగితాలు మరొకరి చేతిలో పడితే సంఘంలో బెదిరింపులకు దారితీస్తాయి.

ఒప్పుకోవడంలో చెడేది ఇంకొకటి. కూటంలో మైకు ఇచ్చి, నీ పాపాలన్నీ చెప్పమంటారు. ఒక తల్లి ఎప్పటిదో ఒక తప్పు చెబుతుంది. మరుసటి రోజు ఆ ఇంట్లో ఆమెకు రక్షణ ఉండదు. పాపం ఎంతమందిని తాకిందో ఒప్పుకోలు అంతమంది ముందే చాలు. మనసులోది దేవునితో, ఒక మనిషికి చేసినది ఆ మనిషితో, సంఘం మొత్తానికి చేసినది సంఘంతో. స్త్రీల ఒప్పుకోలు స్త్రీలే వినాలి. ఒకే ఒక్క విషయంలో గుట్టు పనికిరాదు: పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే, చేసినవాడు ఏడ్చి క్షమాపణ అడిగినా సరే, దాన్ని సంఘ పంచాయితీలో ముగించకండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పితీరాలి. 1098కి ఫోన్ చేయవచ్చు. భర్త చేతిలో దెబ్బలు తినే స్త్రీని లోబడి ఉండమని తిరిగి పంపకండి, 181 నంబరు చెప్పి తోడుగా నిలబడండి.

తాగుడు గురించి ఒక హెచ్చరిక. దీన్ని పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించుకోవాల్సినంత ముఖ్యం. ఏళ్లుగా రోజూ తాగే మనిషి, బాప్తిస్మం తీసుకుంటున్నాను కదా అని ఒక్కరోజులో ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఆపిన కొన్ని గంటలకే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర ఉండదు. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, లేనివి కనబడటం, గోడమీద పురుగులు పాకుతున్నాయనడం మొదలుకావచ్చు. మన ప్రాంతంలో దీనికి తోడు కల్తీ కల్లు ఉంది. అందులో డైజిపామ్, ఆల్ప్రజోలమ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. అది రోజూ తాగి హఠాత్తుగా మానినవాళ్లకు ఫిట్స్ రావడం, పిచ్చిచూపులు, పొంతన లేని మాటలు సాధారణం. దాన్ని చూసి దయ్యం పట్టిందని కట్టేసి, ఉపవాస ప్రార్థన పెట్టి, తిండి కూడా ఇవ్వకుండా ఉంచుతున్నారు. ఎన్నాళ్లుగానో తాగి తిండి సరిగా తినని ఒంట్లో బి1 విటమిన్ తక్కువై ఉంటుంది. పస్తులు పెడితే రక్తంలో చక్కెర పడిపోతుంది, మెదడు దెబ్బతింటుంది. అలాంటి మనిషిని వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకుపోండి. డాక్టర్లు మందులిచ్చి మెల్లగా మాన్పిస్తారు. ఏ దారీ తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఆసుపత్రి మంచం పక్కన ప్రార్థన చేయడానికి ఎవరూ అడ్డుపడరు. అదే విధంగా బీపీ, షుగరు, టీబీ, ఫిట్స్ మాత్రలు విశ్వాసం పేరుతో మాన్పించవద్దు.

కట్నం దగ్గర మన సంఘాలు మౌనంగా ఉండటం సిగ్గుచేటు. 1961 నాటి చట్టం ప్రకారం ఇవ్వడమూ తీసుకోవడమూ నేరమే. పెళ్లికి తేదీ అడగడానికి వచ్చినప్పుడు రెండు వైపులవాళ్లనూ కూర్చోబెట్టి అడగండి. ఇచ్చిపుచ్చుకోవడం ఉందని తెలిసీ ఆశీర్వదిస్తే ఆ పాపంలో మనకూ భాగముంది.

కులం గురించి. మాల సంఘం, మాదిగ సంఘం అని ఒకే ఊళ్లో రెండు గుళ్లు, ఒకే బల్ల దగ్గర వేరువేరు మనసులు, క్రైస్తవ పెళ్లి సంబంధం అని చెబుతూ అందులోనే ఉపకులం రాయడం. తాను చూచిన సహోదరుణ్ణి ప్రేమించనివాడు చూడని దేవుణ్ణి ప్రేమించలేడని యోహాను రాశాడు. ఒకే తండ్రికి పుట్టినవాళ్లమని ఆదివారం పాడి, సోమవారం పంక్తి వేరు చేస్తే మన పుట్టుక మీదే అనుమానం వస్తుంది. బాప్తిస్మ తరగతికి అన్ని వాడల వాళ్లనూ ఒకే గుంపులో కూర్చోబెట్టండి, తరగతి చివర అంతా కలిసి అన్నం తినండి. మొదటి నెలలో ఎవరు రాకుండా మానేస్తారో చూస్తే మీ పని ఎక్కడుందో తెలుస్తుంది.

దీన్ని ఆనుకునే మరో బరువైన విషయం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు. ఈ ఉత్తర్వు అన్యాయమని మేమూ నమ్ముతాం, మార్చమని అడగడం మన హక్కు. కానీ ఈ సంగతి దాచి బాప్తిస్మమిచ్చి, తర్వాత సర్టిఫికెట్ కోసం రెండు పేర్లు, రెండు ముఖాలు పెట్టుకొమ్మని మనమే సలహా ఇస్తున్నాం. కొత్తగా పుట్టిన బిడ్డకు మొదటి పాఠంగా అబద్ధం నేర్పుతున్నాం. ముందే చెప్పండి. ఖర్చు లెక్క చూసుకోకుండా గోపురం కట్టేవాడెవడని ప్రభువే అడిగాడు. అన్నీ విని, ఇంటివాళ్లతో మాట్లాడుకుని, ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదు. భయంతో ఆగినవాళ్లను చులకన చేయకండి. పిల్లల చదువు పోతుందనే భయం చిన్నది కాదు. ఆ ఇంటి పిల్లల ఫీజులకు సంఘం ఏం చేయగలదో మీ కమిటీలో మాట్లాడాకే వాళ్లను ధైర్యంగా ఉండమనే అర్హత మనకు వస్తుంది.

అపొస్తలుల కాలంలో అదే రోజు బాప్తిస్మమిచ్చారు కదా అని కొందరు కాపరులు అడుగుతారు. నిజమే. పెంతెకొస్తు రోజు విన్నవాళ్లు లేఖనాలు తెలిసిన యూదులు. ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో యెషయా గ్రంథం చదువుకుంటున్నాడు. కొర్నేలి అప్పటికే దేవునికి భయపడి ప్రార్థించేవాడు. ఫిలిప్పీ చెరసాల నాయకుడికి ముందు పరిచయమేమీ లేదు, కానీ అదే రాత్రి పౌలు సీలల గాయాలు కడిగాడు; ఫలం తెల్లవారేదాకా ఆగలేదు. మరి సమరయలో గారడీ సీమోను? నమ్మి బాప్తిస్మం పొందాడని రాసి ఉంది. అదే అధ్యాయంలో పేతురు, "నీ హృదయము దేవునియెదుట సరియైనది కాదు" అన్నాడు. ఆ తర్వాత ఆదిమ శతాబ్దాల సంఘాలు నేర్పే కాలాన్ని పొడిగించాయి. అప్పటి సంఘ క్రమాల్లో ఒకటి మూడేళ్లు వాక్యం వినాలంటూనే, శ్రద్ధగలవాడైతే కాలం చూడవద్దు, నడవడి చూడమంటుంది. బాప్తిస్మానికి ముందు అడగాల్సిన ప్రశ్నలూ అందులో ఉన్నాయి: విధవరాళ్లను గౌరవించారా, రోగులను చూసివచ్చారా, మంచి పనులు చేశారా. మూడు నెలలకు ముందే ఫలం కనబడితే ఇచ్చేయండి, మాకు అభ్యంతరం లేదు. కనబడకపోతే ఆరు నెలలైనా ఆగండి.

దూరం పోనక్కర్లేదు, మన డోర్నకల్ ఉంది. 1912లో అక్కడ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, బాప్తిస్మం పొందినవాళ్ల చేతిని వాళ్ల తలమీదే పెట్టించి, నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ అని పలికించేవారు. పేదవాడలో, అక్షరం రాని కూలీ జనానికి ఆయన అంత పెద్ద బాధ్యత అప్పగించారు. పల్లెల్లో ఉపాధ్యాయులు ఇంటింటికీ తిరిగి విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన నోటికి నేర్పాకే ఆ రోజు వచ్చేది. మన దగ్గర ఇప్పుడు మైకులున్నాయి, ప్రొజెక్టర్లున్నాయి, అట్లా ఇంటింటికీ తిరిగే మనిషే తక్కువయ్యాడు.

బాప్తిస్మం రోజు గురించి రెండు మాటలు. కాకతీయ కాలువలో ఇవ్వకండి. కాంక్రీటు వాలు నాచుపట్టి ఉంటుంది, ప్రవాహం ఎంత జోరో పైకి తెలియదు, జారితే పట్టు దొరకదు. చెరువైతే పూడిక తీసిన గుంతలు చూసుకుని, నడుము లోతు దాటని చోట, ఈత వచ్చిన ఇద్దరిని పక్కన నిలబెట్టి ఇవ్వండి.

ఇక ఆ తర్వాతి ఏడాది. పుట్టిన బిడ్డను పురిటి మంచం మీదే వదిలి ఎవరూ పోరు. పాలు పట్టాలి, చలి గాలి తగలకుండా చూడాలి. పేతురు కూడా క్రొత్తగా జన్మించిన శిశువుల్లాగా వాక్యమనే పాలు కోరమన్నాడు. ఒక్కో కొత్త కుటుంబానికి ఒక పెద్ద కుటుంబాన్ని అప్పగించండి. మొదటి మూడు నెలలు వారానికోసారి ఇంటికి పోవాలి, తర్వాత నెలకు రెండుసార్లు. ప్రార్థన చేసి టీ తాగి వస్తే సరిపోదు. ఆ బాకీల కాగితంలో ఎంతవరకు వచ్చిందో అడగాలి, ఇంట్లో ఎవరితో మాటలు లేవో అడగాలి, ఏ వాక్యం చదివారో వినాలి. మూడో వారం, నాలుగో నెల, మొదటి దసరా, ఇంట్లో మొదటి చావు లేదా జబ్బు, ఇవి ఎక్కువమంది జారే చోట్లు. దసరాకు ఇంటిల్లిపాదీ ఒకచోట చేరితే తాగమని బలవంతం ఉంటుంది. ఆ రోజు కొత్త విశ్వాసిని భోజనానికి మీ ఇంటికి పిలవండి, సాయంత్రం తన వాళ్ల దగ్గరికి పంపండి. తల్లిదండ్రులతో తెగదెంపులు చేసుకొమ్మని మాత్రం చెప్పకండి, వాళ్లను సన్మానించమన్నదీ దేవుని ఆజ్ఞే.

మొదటి ఏడాది మైకు ఇవ్వకండి. పాత తాగుబోతు, పాత రౌడీ అని సాక్ష్యం చెప్పిస్తే జనం చప్పట్లు కొడతారు, అతనికి ఆ చప్పట్లే అలవాటవుతాయి. కొత్తగా చేరినవాడిని అధ్యక్షుడిగా పెట్టవద్దు, గర్వాంధుడవుతాడని తిమోతికి పౌలు ముందే చెప్పాడు. మళ్లీ పడ్డవాడికి గలతీ 6:1 ప్రకారం సాత్వికమైన మనసుతో మంచిదారికి తేవడం, మత్తయి 18 ప్రకారం ముందు ఒంటరిగా మాట్లాడటం. వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి గద్దించడం ఆ వరుసలో ఎక్కడా లేదు.

చివరగా మీ గురించి, మా గురించి. కొత్తవాళ్లను బాకీల కాగితం రాయమని అడిగే మనం మన సంఘం లెక్కలు దాచుకుంటే వాళ్లు నేర్చుకునేది మన మాటలు కాదు. కానుకల సంచి ఆరాధన అయిన వెంటనే ఇద్దరు సంబంధం లేని మనుషులు లెక్కించాలి, అంకె అక్షరాల్లో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి, మరుసటి ఆదివారం చదవాలి. కాపరి ఇల్లు, వాహనం ఎవరి పేర ఉన్నాయో సంఘానికి తెలియాలి. సంఘం స్థలం ఎవరికైనా అమ్మినా, లీజుకిచ్చినా, ఆ కాగితాలు పెద్దలందరూ చూడాలి. బాప్తిస్మాల సంఖ్య మీద మిషన్ సంస్థలు కాపరులకు డబ్బు లెక్కగట్టడం ఆపాలని మీరందరూ ఒక్క గొంతుతో చెప్పండి. ఆ అంకె ఉన్నంతకాలం మూడు నెలలు ఆగడం ఏ కాపరికీ సాగదు.

వచ్చే పెద్దల కూటంలో ఈ లేఖ చదివి, మీ సంఘంలో ఇప్పుడు బాప్తిస్మం కోసం పేరు ఇచ్చినవాళ్ల జాబితా తీయండి. వాళ్లతోనే మొదలుపెట్టండి. 13 వారాల పాఠాల వరుస, అడగాల్సిన ప్రశ్నలు కాపరుల సహవాస కూటాల్లో మేము వచ్చి చెబుతాం. దారి ఖర్చులు కూడా అక్కర్లేదు.

క్రీస్తునందు మీ సహోదరులు, సహోదరీలు,
బాప్తిస్మ తరగతుల బోధకులు,
హనుమకొండ